రొమ్ము క్యాన్సర్ గడ్డలో ఈఆర్ (ఈస్ట్రోజన్ రిసెప్టర్) నెగటివ్ వచ్చింది, మామూలు డక్టులూ (పాల నాళాలు) రంగు పట్టలేదు: రిపోర్టు ఇవ్వొచ్చా?

పాథ్_పీజీ_కర్నూలు:
ఆదోని వైపు నుంచి ఆపరేషన్‌లో తీసిన రొమ్ము, ముక్కలుగా చీల్చకుండా మొత్తం ఒకే డబ్బాలో వచ్చింది. ఎప్పుడు తీసినారో, ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవం) ఎప్పుడు వేసినారో ఫారంలో లేదు. గడ్డ గ్రేడ్ 1 (మామూలు కణజాలానికి దగ్గరగా కనిపించే రకం). ఈఆర్ ఐహెచ్‌సీలో (యాంటీబాడీతో రంగు పట్టించే పరీక్ష) గడ్డ కణాలకు రంగే లేదు, పక్కనున్న మామూలు డక్టులకూ లేదు. స్లైడు మీది బయటి కంట్రోల్ (ఈఆర్ ఉందని ముందే తెలిసిన వేరే కణజాలం) మాత్రం బాగా పట్టింది. నెగటివ్ అని రాసేయొచ్చా సార్?

కడప_ల్యాబ్:
రాయొద్దు. బయటి కంట్రోల్ పట్టిందంటే యాంటీబాడీ బాగానే ఉంది. మీ ముక్కలోని డక్టులే పట్టలేదంటే కణజాలం ముందే చెడింది. పైగా గ్రేడ్ 1లో ఈఆర్ లేకపోవడం అరుదు. "నిర్ధారించలేం" అని రాసి, ఆపరేషన్‌కు ముందు సూదితో తీసిన కోర్ బయాప్సీ బ్లాకు (మైనంలో పోసి దాచిన ముక్క) తెప్పించి దాని మీద చేయండి. సన్న ముక్క గనక ఫార్మలిన్ పూర్తిగా ఇంకి ఉంటుంది.

కోయని రొమ్ములో కొవ్వును దాటి ఫార్మలిన్ గడ్డ దాకా చేరేలోపు లోపల ప్రొటీన్లు విరిగిపోతాయి. మన ఎండాకాలంలో ఇంకా తొందరగా. తీసిన గంటలోపు 5 మి.మీ. మందాన చీల్చి, కణజాలానికి పదింతలు 10% న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ పోయాలి. ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకూడదు, 72 దాటకూడదు. తీసిన టైము, ఫార్మలిన్‌లో వేసిన టైము ఫారంలో రాయమని సర్జన్లకు గట్టిగా చెప్పండి.

ఆంకో_అనంత:
ఇంత పట్టుబట్టేది ఎందుకంటే, ఈఆర్ స్వయానా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్, అంటే జన్యువులను ఆన్ చేసే ప్రొటీన్. ఈస్ట్రోజన్ తగలగానే డీఎన్ఏ మీద కూర్చుని సైక్లిన్ డీ1, మిక్ లాంటి, కణాలను పెంచే జన్యువులను నడిపిస్తుంది. మిక్‌కు మందు ఇరికే గుంత లేదు, ఈఆర్‌కు ఉంది. టామాక్సిఫెన్ ఆ గుంతలో కూర్చుంటే ఈఆర్‌లోని 12వ హెలిక్స్ (మెలిక భాగం) పక్కకు జరిగి, కోయాక్టివేటర్లు (ఈఆర్‌కు తోడ్పడే ప్రొటీన్లు) అతుక్కోలేవు. 1% కణాలు పట్టినా పాజిటివే. తప్పు నెగటివ్ ఇస్తే ఆ తల్లికి రోజూ 20 మి.గ్రా. చొప్పున ఐదేళ్ల మందు అందకుండా పోతుంది. ఈఆర్ పాజిటివ్ వాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలను మూడో వంతు దాకా తగ్గించే మందు అది.

పాథ్_పీజీ_కర్నూలు:
కోర్ బ్లాకు అడుగుతాను. తర్వాతెప్పుడైనా ఎముకకు పాకితే మళ్లీ ఈఆర్ చేయాలా?

కడప_ల్యాబ్:
చేయాలి, ఈఆర్ మారిపోవచ్చు. అయితే ఎముకను గట్టి యాసిడ్‌లో మెత్తబరిస్తే ఇదే తప్పుడు నెగటివ్ మళ్లీ వస్తుంది. ఈడీటీఏ (కాల్షియాన్ని మెల్లగా లాగేసే రసాయనం) వాడండి, రోజులు పట్టినా సరే. మెత్తని ముక్కలేమైనా ఉంటే ముందే వేరు చేసి నేరుగా బ్లాకు కట్టండి.

ఆంకో_అనంత:
లెట్రోజోల్ లాంటివి (ఒంట్లో ఈస్ట్రోజన్ తయారీని తగ్గించే మందులు) వాడుతుండగా తిరగబెడితే ఈఎస్ఆర్1 (ఈఆర్‌ను తయారుచేసే జన్యువు) మ్యుటేషన్ కూడా చూడాలి. వై537ఎస్, డీ538జీ అనే మ్యుటేషన్లు ఉంటే ఈస్ట్రోజన్ లేకున్నా ఈఆర్ నడుస్తూనే ఉంటుంది. రక్తంలోని ట్యూమర్ డీఎన్ఏలోనూ దొరుకుతుంది, ప్రతిసారీ ఎముక గుచ్చనక్కర్లేదు.