ప్రాక్టీసులో పిల్లాడు కుప్పకూలితే హెడ్ కోచ్ ఉద్యోగం పోవాలా?

మేరీలాండ్_అమ్మ:
మా వాడు ఈ ఆగస్టులో హైస్కూల్ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) టీమ్‌లో చేరుతున్నాడు. ఆ మాట తేలినప్పట్నుంచి ఇంట్లో నాకూ మా ఆయనకీ ఒకటే వాదన. జోర్డన్ మెక్‌నెయిర్ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. మేరీలాండ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ కుర్రాడు, 2018 మే 29న 110 గజాల పరుగులు వరసగా తీయిస్తుంటే వడదెబ్బకి పడిపోయి, జూన్ 13న చనిపోయాడు. పందొమ్మిదేళ్లు! ఒంట్లో బాగాలేదని కనిపించినప్పటి నుంచి అంబులెన్సు కదిలేదాకా గంటా ముప్ఫై తొమ్మిది నిమిషాలు పట్టిందని విచారణలో తేలింది. ఒళ్లు చల్లబడేలా ఐసు నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టనే లేదు. హెడ్ కోచ్ డీజే డర్కిన్‌ని అక్టోబరు 30న మళ్లీ పనిలోకి తీసుకున్నారు, గొడవ అయ్యేసరికి మర్నాడే తీసేశారు. తీసెయ్యడమే సరైందని నేనంటాను. కోచ్ డాక్టరు కాదు కదా అని మా ఆయన. మీరేమంటారు?

పాత_కబడ్డీ:
నేను మీ ఆయన వైపే అండి. కాలేజీలో కబడ్డీ ఆడాను, వాంతులయ్యేదాకా పరిగెత్తించేవాళ్లు, అలా చేయించకపోతే ఆటలో నిలబడలేం. వంద మందిని చూసుకునే హెడ్ కోచ్‌కి ఎవడు అలిసిపోయాడో, ఎవడి ప్రాణం మీదికొచ్చిందో ఎలా తెలుస్తుంది? అది చూడ్డానికే ట్రైనర్లు, అంటే ఆటగాళ్ల ఆరోగ్యం చూసుకునేవాళ్లు, ఉన్నారు, అడిగితే వాళ్లనడగాలి.

ఫిజియో_అయోవా:
అన్నా, ఆ వాంతుల దగ్గరే ఆపాలి, అది గొప్ప కాదు. నేనుండే అయోవాలోనే 2011 జనవరిలో, యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌లో, సెలవుల నుంచి వచ్చిన పిల్లల చేత బరువుతో వంద స్క్వాట్లు తీయించారు. పదమూడు మంది ఆస్పత్రి పాలయ్యారు. రాబ్డో అంటారు దీన్ని. అలవాటు లేని కండని ఒక్కసారిగా అంత పిండితే కండ చిట్లి, దానిలోని పదార్థం రక్తంలోకి దిగి కిడ్నీల మీద పడుతుంది, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది. వాళ్లలో ఎవరూ బలహీనులు కారు, యూనివర్సిటీ టీమ్‌లో ఆడే కుర్రాళ్లు. ఆ స్క్వాట్లు మళ్లీ చేయించొద్దని విచారణ కమిటీ చెప్పింది. కొన్ని నెలలకే, ఆ టీమ్ స్ట్రెంత్ కోచ్‌కి, అంటే కసరత్తులు చేయించే ఆయనకి, ఉత్తమ అసిస్టెంట్ కోచ్ అవార్డు ఇచ్చారు. 2017లో ఒరెగాన్ యూనివర్సిటీలోనూ ఇంతే, ముగ్గురు ఆస్పత్రిలో పడితే స్ట్రెంత్ కోచ్‌కి జీతం లేకుండా నెల సస్పెన్షన్, అంతే.

ట్రైనర్లని అడగమన్నావు. వైద్యం విషయంలో డాక్టరుదీ ట్రైనరుదీ చివరి మాట, కోచ్ అడ్డు చెప్పకూడదు అని పెద్ద కాన్ఫరెన్సులు (యూనివర్సిటీ టీమ్‌ల లీగులు) 2016లోనే రూలు పెట్టుకున్నాయి. మేరీలాండ్‌కీ ఆ రూలుంది. అయినా రెండేళ్లకి ఆ పిల్లాడు పోయాడు. గ్రౌండులో ఎవరి మాట చెల్లుతుందో తేల్చేది హెడ్ కోచే. అలసట చూపిస్తే చేతకానివాడంటారని పిల్లలు భయపడేలా టీమ్‌ని తయారుచేసింది ఆయనైతే, పిల్లాడు "నా వల్ల కావట్లేదు" అని నోరు తెరిచి చెప్పడు, ట్రైనరూ చొరవగా ముందుకు రాడు. అందుకే ఉద్యోగం పోవాలంటాను.

పాత_కబడ్డీ:
అవార్డు సంగతి నాకు తెలీదు, చదివితే కడుపు రగిలింది. అయినా ఒక మాట. కోచ్‌ని మార్చినంత మాత్రాన తొట్టి వచ్చి గ్రౌండులో కూర్చోదు. తీసేసి చేతులు దులుపుకుంటే కొత్తాయన కూడా అదే చేస్తాడు.

ఫిజియో_అయోవా:
తొట్టి మాటకి ఒప్పుకుంటాను. పడిన అరగంటలోపు ఒళ్లు చల్లబరిస్తే దాదాపు అందరూ బతుకుతారు. ముందు చల్లబరచాలి, తర్వాతే అంబులెన్సు ఎక్కించాలి. అమ్మా, మీరు ముందు స్కూలుకెళ్లి తొట్టి ఉందా అని అడగండి.

మేరీలాండ్_అమ్మ:
నిన్న వెళ్లొచ్చాను. ఉంది, స్టోరు రూములో, నిండా పాత షోల్డర్ ప్యాడ్లు కుక్కి పెట్టారు. ఖాళీ చేయించేదాకా అక్కడే నిలబడ్డాను. కుళాయి నుంచి గ్రౌండు దాకా పైపు అందదట, కొత్తది కొంటామన్నారు. ఐసు ఎక్కడ్నించి తెస్తారంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదటి ప్రాక్టీసు రోజుకి నేనూ మా ఆయనా ఇద్దరం సెలవు పెట్టాం.