పిల్లలు పుట్టకపోవడం తప్పొప్పులకు కొలత అవుతుందా?

పటమట పాఠకురాలు:
పోయిన నెల గుంటూరులో బంధువుల ఇంట సీమంతానికి వెళ్లాం. మా మేనల్లుడు తనకు మగవాళ్లంటేనే ఇష్టమని, అమ్మాయిని చేసుకోలేనని ఇంట్లో చెప్పి అప్పటికి రెండు నెలలు. భోజనాల దగ్గర ఆ మాట రానే వచ్చింది. "పిల్లలు పుట్టని కలయిక ప్రకృతికి విరుద్ధం, అందుకే అది పాపం" అన్నారు ఒక పెద్దాయన. మా అక్క అదే పంక్తిలో ఉంది. పెళ్లయి 31 ఏళ్లు, పిల్లలు లేరు. అంతకు గంట ముందే కడుపుతో ఉన్న అమ్మాయికి గాజులు తొడగడానికి ముత్తయిదువులందరినీ పేరుపేరునా పిలిచి, తనను మాత్రం పిలవలేదు. విస్తట్లో అన్నం అలాగే వదిలేసి లేచి వెళ్లిపోయింది.

ఆయన అక్కను అనలేదు, నాకు తెలుసు. కానీ ఆయన చెప్పిన కారణమే నిజమైతే అది అక్కకు తగలకుండా ఎలా ఉంటుంది? మీరంతా ఏమంటారు?

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, మీ అక్కగారికి జరిగింది అన్యాయం. అయితే ఆ రెండూ ఒకటి కావు. పూత రాలిపోయినా మామిడి చెట్టు మామిడి చెట్టే. ఆలుమగల బంధం స్వభావమే సంతానానికి అనువైనది, కలగకపోతే అది వారి దురదృష్టం. ఇద్దరు మగవాళ్ల మధ్య ఆ స్వభావమే లేదు. ఎవరి మీదా ద్వేషంతో అనడం లేదు.

ఇంకో మాట. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలంటారు. ఊరు నిలబడటం కూడా నీతిలో భాగమే కదా?

గుంటూరు లాయరు:
మాస్టారి వాదన మన కోర్టుల్లో పాతదే. 1860 నాటి శిక్షాస్మృతి 377వ సెక్షన్‌లో "ప్రకృతి విరుద్ధం" అనే మాట ఉండేది. దానికి అర్థం చెబుతూ 1925లో సింధ్ కోర్టు, బిడ్డ కడుపున పడే అవకాశం ఉండాలి అన్న కొలతే పెట్టింది. వయసొచ్చిన ఇద్దరు మగవాళ్లో, ఇద్దరు ఆడవాళ్లో ఇష్టపడి కలిసి ఉంటే నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబరు 6న. 2023 అక్టోబరులో మాత్రం వాళ్లకు పెళ్లి హక్కు ఇవ్వలేదు, అది చట్టసభ తేల్చాలంది.

హిందూ వివాహ చట్టం సంగతి కూడా చూడండి. నపుంసకత్వం వల్ల దాంపత్యం జరగకపోతే పెళ్లి రద్దు కోరవచ్చు. పిల్లలు కలగలేదన్నది మాత్రం విడాకులకు కారణం కాదు. 1955లోనే ఆ రెండింటినీ వేరు చేశారు.

పటమట పాఠకురాలు:
మాస్టారూ, మామిడి చెట్టును కాయ కోసం మనం నాటుతాం. మా అక్కను ఎవరూ కాయ కోసం నాటలేదు. అరవై దాటిన మగమనిషి, యాభై ఐదేళ్ల ఆవిడ తోడు కోసం పెళ్లి చేసుకుంటే అక్షింతలు వేస్తాం. అక్కడ పూత కూడా రాదు, అయినా పాపమని అనం.

జనాభా లెక్క నీతికి ఆధారమంటే నాకు భయం. ఇద్దరికి మించి కన్నవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలో పెట్టారు. 2024లో ఎత్తేశారు. ఒకప్పుడు మూడో బిడ్డ తప్పు, ఇప్పుడు కనకపోవడం తప్పా? ముప్ఫై ఏళ్లలో తిరగబడే లెక్కతో ఒక మనిషి మంచీచెడూ తేల్చలేం.

సంతానం లేని భీష్ముడికి భీష్మాష్టమి నాడు ఊరంతా తర్పణం వదులుతుంది. కొడుకులు లేరని ఆయనను ఎవరూ తక్కువ చేయలేదు.

బ్రాడీపేట మాస్టారు:
భీష్ముడు తండ్రి కోసం సుఖం వదులుకున్నాడు. మీవాడు వదులుకోనంటున్నాడు. పోలిక కుదరదమ్మా. అరవై ఏళ్ల పెళ్లి సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఆలోచించాలి.

పేరు చెప్పలేను, గుంటూరు:
నేనూ ఆ మేనల్లుడి లాంటివాడినే. వయసు 29. మా ఇంట్లో ఈ విషయం తెలుసు. తెలిసే సంబంధాలు చూస్తున్నారు. "ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి" అంటుంది అమ్మ. పెళ్లిచూపుల తారీఖు దగ్గర పడేకొద్దీ టెన్షన్‌తో నిద్ర ఉండదు. సంతానమే కొలత అయితే ఆ అమ్మాయిని చేసుకుని, ఒక బిడ్డను కని, బతుకంతా ఆమెకు అబద్ధం చెప్పడం నీతి అవుతుంది. ఆ అమ్మాయి ఏం పాపం చేసింది మాస్టారూ?

బ్రాడీపేట మాస్టారు:
ఆ పెళ్లి చేసుకోకు బాబూ. దాచిపెట్టి ఆడపిల్ల గొంతు కోయడం ఏ లెక్కన చూసినా మోసమే. కావాలంటే మీ నాన్నగారితో నేను మాట్లాడతాను. మిగతా విషయంలో నా అభిప్రాయం ఇంకా మారలేదు, మారినట్టు చెబితే అది కూడా అబద్ధమే అవుతుంది.

పటమట పాఠకురాలు:
రాత్రి అక్కకు ఇదంతా చదివి వినిపించాను. మామిడి చెట్టు మాట దగ్గర ఒకసారి ఆపమంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు నేను లేచి వచ్చేస్తే నా వెనకాలే బయటికి వచ్చింది వాడొక్కడేనే. వాడూ అన్నం తినలేదు" అంది.