గ్రాఫిక్స్ ల్యాబ్‌లో టర్బో సీ ఉంచాలా, తీసేయాలా?

కంప్యూటర్ మేడమ్:
నేను ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ పిల్లలకి ల్యాబ్ చెప్తాను. మా గ్రాఫిక్స్ ల్యాబ్ ఇప్పటికీ టర్బో సీ మీదే, అంటే డాస్ కాలంనాటి సీ కంపైలర్ మీదే నడుస్తోంది. మా సిస్టమ్స్ అన్నీ 64 బిట్ విండోస్, అందులో ఇలాంటి 16 బిట్ ప్రోగ్రామ్ నేరుగా నడవదు కాబట్టి పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ తెరిచి అందులో టర్బో సీ తెరవాలి. ఆ తర్వాత గ్రాఫిక్స్ మొదలుపెట్టే ఇనిట్‌గ్రాఫ్ ఫంక్షన్‌లో, టీసీ ఫోల్డర్ లోపల గ్రాఫిక్స్ డ్రైవర్లుండే బీజీఐ ఫోల్డర్ దారి రాయాలి. అక్కడ రెండేసి బ్యాక్‌స్లాష్‌లు పెట్టాలని ఎన్నిసార్లు చెప్పినా సగంమంది ఒక్కటే పెడతారు. చిన్న అక్షరాల్లో రాసినవాళ్ళకి టీసీ ముందున్న స్లాష్ ట్యాబ్ అయిపోతుంది, బీజీఐ ముందున్నది బ్యాక్‌స్పేస్ అయిపోతుంది. తెరమీద "గ్రాఫిక్స్ నాట్ ఇనీషియలైజ్డ్" అని వస్తుంది. గీత గీయడానికి ముందే ల్యాబ్‌లో గంట గడిచిపోతోంది.

వచ్చే సెమిస్టర్ నుంచి పైథాన్‌లో టీకింటర్ కాన్వాస్‌కి, అంటే దాని విండోల లైబ్రరీలో బొమ్మలు గీసే పలకకి మారదామని అడిగాను. మా సీనియర్ సార్ ఒప్పుకోలేదు. "సర్కిల్ కావాలంటే సర్కిల్ వచ్చేస్తే ఇంక పిల్లాడు నేర్చుకునేదేముంది?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. మీరేమంటారు?

పాత టర్బో:
మీ సార్ మాట కొట్టిపారేయకండి మేడమ్. బ్రెసెన్‌హామ్ 1962లో ఐబీఎంలో ఉండగా కాగితం మీద పెన్నుతో గీసే ప్లాటర్ కోసం గీత గీసే పద్ధతి కనిపెట్టాడు, 1965లో అది అచ్చయింది. గుణకారాలు, భాగహారాలు, దశాంశాలు లేకుండా కూడికలు, తీసివేతలతోనే గీత నడిపించేశాడు. పిల్లలతో ఒక్కసారి గ్రాఫ్ కాగితం మీద చేయించండి. (0,0) నుంచి (8,3) దాకా గీత. ప్రతి అడుగుకీ ఒక గడి కుడికి జరగాలి, ఎత్తు మారాలా వద్దా అని నిర్ణయించే అంకె −2తో మొదలవుతుంది. అది సున్నా కంటే తక్కువైతే ఎత్తు మార్చకుండా 6 కలపాలి, లేకపోతే ఒక మెట్టు ఎక్కి 10 తీసేయాలి. −2, 4, −6, 0, −10, −4, 2, −8 అలా పోతుంది. ఎత్తులు 0, 0, 1, 1, 2, 2, 2, 3, 3. సరిగ్గా (8,3) దగ్గర ఆగుతుంది. ఆ గళ్ళు పెన్సిల్‌తో నింపిన పిల్లాడు, తెరమీద ఒక్కో చుక్క పెట్టే పుట్‌పిక్సెల్‌తో అదే మెట్లు తెరమీద చూసుకుంటే, తెర మీద గీత అంటే ఏంటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. టర్బో సీలో అది నేరుగా దొరుకుతుంది. 640 బై 480 గళ్ళు, 16 రంగులు, మధ్యలో ఎవరూ ఉండరు.

హైదరాబాద్ డెస్క్‌టాప్:
ఇద్దరూ అసలు సంగతి వదిలేస్తున్నారని నా అభిప్రాయం. నేను విండోస్ అప్లికేషన్లు రాస్తూ బతుకుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కోల్డ్ స్టోరేజీకి ఉష్ణోగ్రత గ్రాఫ్ చూపించే స్క్రీన్ నాకిచ్చారు. బటన్ నొక్కితే క్రియేట్‌గ్రాఫిక్స్ పిలిచి ప్యానెల్ మీద నేరుగా, వరసగా డ్రాలైన్‌లతో గీతలు కొట్టాను. నా టేబుల్ మీద బ్రహ్మాండంగా వచ్చింది. అక్కడికెళ్ళి పెట్టాక ఆపరేటర్ విండో కిందికి దించి మళ్ళీ పైకి తెచ్చాడు. గ్రాఫ్ లేదు, తెల్లటి ప్యానెల్ మాత్రమే ఉంది. "పోయింది సార్" అన్నాడు. అంతమంది ముందు ఎందుకు పోయిందో చెప్పలేకపోయాను. ఆ రోజు ఇప్పటికీ గుర్తే.

విండోస్ మన బొమ్మని గుర్తుపెట్టుకోదు. ఆ చోటు మళ్ళీ గీయాల్సి వచ్చినప్పుడు పెయింట్ అనే కబురు పంపుతుంది. అది వచ్చిన ప్రతిసారీ మొదటినుంచి మనమే గీయాలి. కాబట్టి బటన్‌లో గీయకూడదు. బటన్ నొక్కితే అంకెలు జాబితాలో చేర్చి, మళ్ళీ గీయాలని చెప్పే ఇన్‌వాలిడేట్ పిలవాలి, గీయడం పెయింట్‌లోనే. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఈ తప్పు తొందరగా దొరికేది, ఇంకో విండో మీదికి జరిపితే చాలు, కింద ఉన్నది చెరిగిపోయేది. విస్టా నుంచి ఒక్కో విండో బొమ్మనీ సిస్టమ్ విడిగా దాచి కలిపి చూపిస్తోంది కాబట్టి ఇప్పుడు అంత తేలిగ్గా బయటపడదు. అందుకే నేర్పాలి. టర్బో సీలో తెర మొత్తం మనదే, కీ నొక్కేదాకా ఆగే గెట్‌చ్ పెట్టి ఆపితే బొమ్మ అక్కడే ఉంటుంది. కాన్వాస్ అయితే అన్నీ అదే గుర్తుపెట్టుకుంటుంది. బొమ్మ ఎవరి దగ్గర ఉంది అన్న ప్రశ్న ఈ రెండింట్లోనూ పిల్లాడికి ఎదురుకాదు.

ముగ్గుపిండి:
అన్నా, కాన్వాస్ గుర్తుపెట్టుకోవడం లోపం కాదు, మొదటి ఏడాది పిల్లలకి అదే వరం. నేను ట్యూషన్‌లో మొదట చేయించేది ముగ్గు. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క. మధ్య వరసలో 7, పైనా కిందా 6, 5, 4. మొత్తం 37. చుక్కకీ చుక్కకీ 40 పిక్సెల్స్ పెట్టమంటాను. వరసకీ వరసకీ కూడా అందరూ 40 పెట్టేస్తారు. అప్పుడు ముగ్గు నిలువుగా సాగినట్టు వస్తుంది. "ఇంట్లో అమ్మ వేస్తే ఇలా ఉండదు కదా" అని వాళ్ళే అంటారు. పక్కపక్కనున్న మూడు చుక్కలు సమబాహు త్రిభుజం అవ్వాలంటే వరసల మధ్య 40 కాదు, దాదాపు 35 ఉండాలని అప్పుడు లెక్క కట్టిస్తాను. పదో తరగతి త్రికోణమితి ఎందుకు చదివారో అక్కడ వాళ్ళ మొహాల్లో కనిపిస్తుంది.

ఇంకోటి. టర్బో సీలో సర్కిల్‌కి కేంద్రం, వ్యాసార్థం ఇస్తాం. కాన్వాస్‌లో క్రియేట్ ఓవల్‌కి అవి ఇవ్వం, చుట్టూ ఉండే పెట్టె మూలలు ఇవ్వాలి. అందుకని చుక్క అనే ఫంక్షన్ పిల్లలే రాసుకుంటారు. x నుంచి r తీసేసి ఒక మూల, కలిపి ఇంకో మూల. గీసిన ప్రతి చుక్కకీ కాన్వాస్ ఒక నంబర్ తిరిగిస్తుంది. ఆ నంబర్ పట్టుకుని రంగు మార్చొచ్చు, జరపొచ్చు, నొక్కితే ఏం చెయ్యాలో చెప్పొచ్చు. చుక్క నొక్కితే పసుపు రంగులోకి మారే ముగ్గు మొదటివారంలోనే చేసేస్తారు.

రెండో సంవత్సరం:
నేను స్టూడెంట్‌ని. మాకూ టర్బో సీనే. బంతి కదిలే ప్రోగ్రామ్‌లో ప్రతిసారీ క్లియర్‌డివైస్‌తో తెర చెరిపి మళ్ళీ గీస్తే తెరంతా మిణుకుమిణుకుమంటోంది. ఎందుకని అడిగితే "డిలే (మధ్యలో ఆగే టైమ్) పెంచు" అన్నారు. పెంచినా పోలేదు. అదే బంతి టీకింటర్‌లో మూవ్ అని ఒక్క లైన్‌తో నున్నగా జరిగింది. నా ఓటు దానికే.

పాత టర్బో:
తమ్ముడూ, డిలే వల్ల పోదు. చెరిపిన ఖాళీ తెర కంటికి కనబడుతోంది కాబట్టి మిణుకుతోంది. కనబడని పేజీ మీద గీసి, పూర్తయ్యాక దాన్ని ముందుకు తేవాలి. 640 బై 480 మోడ్‌లో ఒకటే పేజీ ఉంటుంది. 640 బై 350కి మారితే రెండు వస్తాయి. సెట్‌యాక్టివ్‌పేజ్‌తో ఒకదాని మీద గియ్యి, సెట్‌విజువల్‌పేజ్‌తో ఇంకోటి చూపించు. నీ ప్రోగ్రామ్ ఇవాళే మార్చి చూడు. మూవ్ అన్న ఒక్క లైన్ ఈ పని నీకు కనబడనివ్వదు, నా బాధ అదే.

ముగ్గు ఆలోచన మాత్రం నాకు చాలా నచ్చింది ముగ్గుపిండి గారూ, 35 లెక్క మరీ బాగుంది. కానీ మెలిక తిప్పడానికి వచ్చేసరికి కాన్వాస్‌లో గీతని వంపు తిప్పే స్మూత్ అనే ఆప్షన్ పెట్టి వదిలేస్తున్నారు కదా, ఆ వంపు ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లలకి తెలుస్తుందా?

ముగ్గుపిండి:
లేదు, ఒప్పుకుంటాను. స్మూత్ లోపల ఏముందో నేను చెప్పడం లేదు, చెప్పాలి.

అయితే బ్రెసెన్‌హామ్ కోసం టర్బో సీ అక్కర్లేదు. కాన్వాస్ మీద 20 పిక్సెల్స్ వెడల్పున్న గళ్ళు గీయించండి. ఒక్కో గడి ఒక పిక్సెల్ అనుకోవాలి. పుట్‌పిక్సెల్ అనే పేరుతో గడి నింపే ఫంక్షన్ పిల్లలే రాయాలి. మీరు చెప్పిన (8,3) గీత అప్పుడు గది చివరి బెంచీకి కూడా కనిపిస్తుంది. 640 బై 480లో అసలు పిక్సెల్ చూడాలంటే తెర మీద ముక్కు పెట్టాలి. విండోస్‌లో టీకింటర్ గీతల అంచులు నున్నగా చేయదు కాబట్టి ఏటవాలు గీతలో మెట్లు కనిపిస్తూనే ఉంటాయి. "ఇవెందుకొచ్చాయి?" అని పిల్లలే అడుగుతారు. గళ్ళ పాఠం అక్కడే మొదలుపెట్టొచ్చు.

కంప్యూటర్ మేడమ్:
ఇది మా సార్‌కి చూపించగలను. గళ్ళ కాన్వాస్ రెండు వారాలు, తర్వాత ముగ్గు, తర్వాత కదిలే బొమ్మలు అనుకుంటున్నాను. హైదరాబాద్ సార్, మీరు చెప్పిన పెయింట్ సంగతి ఎక్కడ పెట్టను? టీకింటర్‌లో అది రాదు కదా.

హైదరాబాద్ డెస్క్‌టాప్:
మీ పిల్లలకి జావా ఉంటే దాని విండోల లైబ్రరీ స్వింగ్‌లో చెప్పండి, కొత్త భాష అక్కర్లేదు. జేప్యానెల్ అనే క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేసి, మళ్ళీ గీయాల్సి వచ్చినప్పుడల్లా సిస్టమ్ పిలిచే పెయింట్‌కాంపొనెంట్‌లో గీయాలి. ముందు తప్పుగా రాయించండి. బటన్ లోపలే గెట్‌గ్రాఫిక్స్ పిలిచి గీయమనండి, తర్వాత విండో సైజు మార్చమనండి. బొమ్మ మాయమవడం వాళ్ళ కళ్ళతో చూశాకే సరైన పద్ధతి చెప్పండి. పెయింట్‌కాంపొనెంట్‌లో మొదటి లైన్‌గా సూపర్ (పాత బొమ్మ చెరిపే అసలు క్లాస్ పెయింట్‌కాంపొనెంట్) పిలవకపోతే పాత బొమ్మల మరకలు ఎలా మిగులుతాయో కూడా చూపించండి.

చతురస్రం చుట్టూ అంచు గీసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. 100 వెడల్పున్న ప్యానెల్‌లో డ్రారెక్ట్‌కి 100 ఇస్తే కుడి గీతా, కింది గీతా కనబడవు. 100 అంటే సున్నా నుంచి 100వ గడిదాకా, అంటే 101 గళ్ళు. ఫిల్‌రెక్ట్ మాత్రం సరిగ్గా 100 నింపుతుంది. డ్రారెక్ట్‌కి 99 ఇవ్వాలి. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు దాదాపు అందరూ ఈ రెండు గీతల కోసం వెతికినవాళ్ళే.

పాత టర్బో:
డాస్‌బాక్స్ తీసేయడానికి ఇప్పుడు నాకు అభ్యంతరం లేదు మేడమ్, గళ్ళ కాన్వాస్ ఆ పని చేస్తుంది. కానీ రెండు వారాలు చాలవు. గీతకే రెండు పోతాయి. సర్కిల్‌లో ఎనిమిదో వంతు మాత్రం లెక్కగట్టి, ఆ ఒక్క ముక్కనే అటూ ఇటూ తిప్పి మిగతా ఏడూ నింపడం పిల్లలు గళ్ళ మీద చేసి తీరాలి. దానికి ఇంకో వారం ఇవ్వండి.

కంప్యూటర్ మేడమ్:
మూడు వారాలే పెడతాను సార్. సోమవారం డిపార్ట్‌మెంట్ మీటింగ్ ఉంది. (8,3) గీత మా సార్‌తో చాక్‌పీస్ పెట్టి బోర్డు మీద వేయిస్తాను.