పాత యూనిక్స్‌లో డయల్-అప్ మోడెమ్: లైను తెగినా లాగిన్ పోవడం లేదు

ప్రశ్న

ఎస్‌సీఓ యూనిక్స్ 3.2 నడిచే పాత యంత్రానికి, మొదటి సీరియల్ పోర్టులో, సెకనుకు 14,400 బిట్ల ఎక్స్‌టర్నల్ మోడెమ్ తగిలించి ఫోన్ ద్వారా లాగిన్ అయ్యే ఏర్పాటు చేసుకున్నాను. కాల్ కలుస్తోంది, పని కూడా సాగుతోంది. అయితే లాగౌట్ కాకముందే లైను తెగిపోతే ఆ షెల్ (ఆదేశాలు అందుకునే ప్రోగ్రాము) అలాగే మిగిలిపోతోంది. నిన్న రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న ఖాతాలో, ఉండగా లైను తెగింది. మళ్లీ డయల్ చేసి ఎంటర్ నొక్కగానే పాస్‌వర్డ్ ఊసే లేకుండా రూట్ షెల్ చూపే హాష్ గుర్తు ఎదురైంది. నాకంటే ముందు ఇంకెవరైనా డయల్ చేసి ఉంటే ఏమయ్యేదో! లాగిన్ పేరు అడిగే ప్రోగ్రాము గెట్టీని స్మాల్ ‘ఏ’తో ముగిసే టీటీవై1ఏ మీద పెట్టాను. మోడెమ్ మీది సీడీ (క్యారియర్ డిటెక్ట్) దీపం కాల్ లేనప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

మొదటి సమాధానం

మీ సమస్య సగం ఆ దీపంలోనే ఉంది. అవతలి మోడెమ్ క్యారియర్ (లైను మీద అది పంపే ధ్వని) అందుతోందని చెప్పే సంకేతం సీడీ. అది పడిపోయినప్పుడే కెర్నల్ (యూనిక్స్ మూల ప్రోగ్రాము) ఆ టెర్మినల్ మీది ప్రోగ్రాములకు హ్యాంగప్ సిగ్నల్ పంపుతుంది, షెల్ ముగుస్తుంది, గెట్టీ మళ్లీ మొదలవుతుంది. మీ మోడెమ్ &సీ0 అమరికలో ఉండి సీడీని ఎప్పుడూ ఎత్తే ఉంచుతున్నట్టుంది. ‘ఏటీ&సీ1&డీ2’ ఇచ్చి ‘ఏటీ&డబ్ల్యూ’తో భద్రపరచండి. &డీ2 ఉంటే యూనిక్స్ డీటీఆర్‌ను (యంత్రం సిద్ధంగా ఉందని మోడెమ్‌కు చెప్పే సంకేతాన్ని) దించగానే మోడెమ్ ఫోన్ పెట్టేస్తుంది.

మిగతా సగం పోర్టు పేరులో ఉంది. ఎస్‌సీఓలో ఒకే పోర్టుకు రెండు పేర్లుంటాయి: స్మాల్ ‘ఏ’ ఉన్నది మోడెమ్ సంకేతాలను పట్టించుకోదు, క్యాపిటల్ ‘ఏ’ ఉన్నది పట్టించుకుంటుంది. మొదటిదాన్ని డిసేబుల్ చేసి, రెండవదాన్ని ఎనేబుల్ చేయండి. కేబుల్ కూడా చూడండి. టెర్మినల్ కోసం చేసిన మూడు తీగల కేబులైతే 8వ పిన్నులోని సీడీ, 20వ పిన్నులోని డీటీఆర్ అసలు చేరనే చేరవు.

రెండవ సమాధానం

దీనితో పాటు మోడెమ్ ఎకోనూ, జవాబులనూ ఆపే ‘ఈ0క్యూ1’ కూడా పెట్టండి. లేకపోతే మోడెమ్ పంపే ‘రింగ్’ అన్న మాటను గెట్టీ ఎవరో లాగిన్ పేరు టైప్ చేశారనుకొని పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ ప్రశ్నను మోడెమ్ తిరిగి ఎకో చేస్తుంది, ఇద్దరూ ఎవరూ వినని సంభాషణలో పడిపోతారు. గెట్టీని ఏ పోర్టు మీద నడపాలో చెప్పే ఇనిట్‌ట్యాబ్ ఫైలును చేత్తో మార్చి ఉంటే అదే మార్పును ఇనిట్.బేస్ ఫైలులోనూ చేయాలి. కెర్నల్‌ను రీలింక్ చేసినప్పుడు ఇనిట్‌ట్యాబ్ దాని నుంచే మళ్లీ తయారవుతుంది.

ప్రశ్న అడిగినవారు

కేబుల్‌లో అన్ని తీగలూ ఉన్నాయి. పేరు, అమరికలు మార్చాక దీపం ఆరింది. ఫోన్ తీగ పీకి చూస్తే కాసేపటికే షెల్ పోయింది. అయితే ఇప్పుడు యూయూసీపీ (ఫోన్ ద్వారా వేరే యంత్రాలకు ఫైళ్లు పంపే యూనిక్స్ ఏర్పాటు) బయటికి డయల్ చేయలేకపోతోంది. పైగా పోర్టును 38,400 వద్ద ఉంచితే, లోపలికి వచ్చే ఫైళ్లలో అక్షరాలు రాలిపోతున్నాయి.

మొదటి సమాధానం ఇచ్చినవారు

క్యూ1 వల్ల మోడెమ్ జవాబివ్వడం మానేసింది, యూయూసీపీ ‘కనెక్ట్’ అన్న మాట కోసం ఎదురుచూస్తూ విసిగిపోతోంది. డయల్ చేసే తీరును యూయూసీపీకి చెప్పే డయలర్స్ ఫైలులో నంబరుకు ముందు ‘ఏటీక్యూ0వీ1’ పంపండి. &డీ2 బదులు &డీ3 పెడితే, కాల్ ముగిసి డీటీఆర్ దిగగానే మోడెమ్ రీసెట్ అయి, భద్రపరచిన క్యూ1కు తానే తిరిగి వస్తుంది.

అక్షరాలు రాలడానికి కారణం మోడెమ్ కాకపోవచ్చు. పోర్టులోని చిప్ 16450 అయితే, అందిన అక్షరాన్ని యంత్రం తీసుకునేదాకా ఒక్కదాన్నే దాచుకోగలదు. 38,400 వద్ద తరువాతి అక్షరం సుమారు 260 మైక్రోసెకన్లలో వచ్చిపడుతుంది. 16550ఏలో 16 అక్షరాల బఫర్ ఉంటుంది, అయితే డ్రైవరు దాన్ని వాడుకోగలగాలి. అంతవరకూ పోర్టును 9,600 వద్ద ఉంచండి.