టెక్సాస్‌లో అరెస్టు రికార్డు తుడిచేయించాక వీసా స్టాంపింగ్‌కి ఏం చూపించాలి?

అందరికీ నమస్కారం. మా తమ్ముడు టెక్సాస్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు షాపులో వస్తువు తీశాడన్న అనుమానంతో అరెస్టు చేశారు. తర్వాత కేసు డిస్మిస్ అయింది. ఇప్పుడు డిస్ట్రిక్ట్ కోర్టులో ఎక్స్‌పంక్షన్ (అరెస్టు రికార్డును తుడిచేయమని కోరడం) పిటిషన్ వేస్తున్నాడు.

ఆర్డర్ వస్తే అందులో పేరున్న పోలీసు శాఖ, జైలు, ప్రాసిక్యూటర్ ఆఫీసు తమ దగ్గరున్న ఫైళ్లను నాశనం చేయాలి, లేదంటే కోర్టుకు తిప్పి పంపాలి. ఉద్యోగాల దగ్గర అరెస్టే కాలేదని చెప్పుకునే హక్కు కూడా చట్టం ఇస్తుంది. పిల్లాడికి అదొక్కటే పెద్ద ఊరట.

కానీ వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, క్షమాభిక్ష దొరికినా సరే చెప్పాల్సిందే. రాష్ట్రం తుడిచేసింది కదా అని అక్కడ లేదనడానికి కుదరదు. వాడు నిజమే రాస్తాడు, అందులో సందేహం లేదు. మా టెన్షనల్లా కాగితాల గురించే. ఫైళ్లన్నీ పోయాక కేసు కొట్టేశారని హైదరాబాద్ కాన్సులేట్‌లో ఎలా రుజువు చేస్తాడు? డిస్మిసల్ ఆర్డర్, ఎక్స్‌పంక్షన్ ఆర్డర్ల సర్టిఫైడ్ కాపీలు సరిపోతాయా? పోలీసు రిపోర్టు కూడా ముందే తీసిపెట్టుకోవాలా?

ఇంకొకటి. ప్రైవేటు బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీల డేటాలో పాత ఎంట్రీ మిగిలిపోతే, ఆర్డర్ కాపీ నేరుగా పంపితే తీసేస్తారా? టెక్సాస్‌లో ఈ దారిలో వెళ్లినవాళ్లు, ఇమిగ్రేషన్ లాయర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. పిటిషన్ వేసేలోపే తెలిస్తే మేలు.