అమ్మకు తర్వాత ఏ పుస్తకం ఇవ్వాలి?

మాది తిరుపతి, కొర్లగుంట. అమ్మ టెన్త్ దాకానే చదివింది, ఇంగ్లీషు రాదు, కానీ ఖాళీ దొరికితే ఏదో ఒకటి చదువుతూనే ఉంటుంది. పోయిన నెల పి.సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ చేతికిచ్చా. ఇంటిపనిలో పడి తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ అది. చదివాక కుక్కర్ మూడు విజిళ్ళు వేసినా లేవలేదు, తర్వాత ‘ఇంకేమైనా ఉన్నాయామ్మా ఇట్లాంటివి?’ అనింది.

ఓల్గా గారి ‘విముక్త’ (2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది కదా) ఎలాగూ ఇస్తా, అందులోని సీత, శూర్పణఖ, అహల్య అమ్మకు ముందే తెలిసినవాళ్ళు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఆ తర్వాతే ఏమివ్వాలో తెలియడం లేదు. సావిత్రిబాయి ఫూలే గురించి, 1882లోనే మరాఠీలో ‘స్త్రీ పురుష తులన’ రాసి మగవాళ్ళను కడిగేసిన తారాబాయి షిండే గురించి తేలిక తెలుగులో ఏవైనా ఉన్నాయా? ఫ్రెంచ్ స్త్రీవాద రచయిత్రి సిమోన్ ద బోవా లాంటివాళ్ళను నేరుగా ఇస్తే భయపడి పక్కన పెట్టేస్తుందని నా అనుమానం, పరిచయ వ్యాసాలుంటే మేలు. దళిత స్త్రీల రచనలకు గోగు శ్యామల గారి ‘నల్లపొద్దు’ సంకలనంతో మొదలుపెట్టొచ్చా?

అక్షరాలు కాస్త పెద్దగా ఉండాలి. తిరుపతిలో ఇవి ఏ షాపులో దొరుకుతాయో కూడా చెప్పండి ప్లీజ్, పాత కాపీలైనా పర్వాలేదు.