బీచ్‌లో పొడుగు ట్రెయిల్ గౌను ఫొటో షూట్: మన సీమ నుంచి వెళ్లి చేయించుకున్నవాళ్లు చెప్పండి

తుంగభద్ర_గట్టు
అందరికీ నమస్కారం. మాది కర్నూలు. గాలికి అంత పొడుగున ఎగిరే గౌను వేసుకుని సముద్రం ఒడ్డున తీయించుకునే ఫొటోలు ఈ మధ్య ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి కదా, అట్లాంటిది ఒకటి పెళ్లికీ కాదు, సీమంతానికీ కాదు, నలభై నిండేలోపు నాకోసం నేను చేయించుకోవాలని ఉంది. మా ఆయన సరే అన్నారు, అత్తమ్మ కూడా వెళ్లి రమ్మన్నారు. చిక్కల్లా మనకు సముద్రం లేకపోవడమే. ఒక్క పూట ఫొటోల కోసం రాత్రంతా ప్రయాణం చేయాలి, అవి సరిగ్గా రాకపోతే మళ్లీ వెళ్లడం అయ్యే పని కాదు. బాపట్ల దగ్గర సూర్యలంక, నెల్లూరు దగ్గర మైపాడు, వైజాగ్, గోవా అని తలా ఒకటి చెప్తున్నారు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లతో ఫోన్‌లో మాట్లాడాను, ఒకరు పద్దెనిమిది వేలు అంటే ఇంకొకరు ముప్పై అయిదు అన్నారు, ఆ డబ్బు దేనికెంతో మాత్రం ఇద్దరూ విడదీసి చెప్పలేదు. అడ్వాన్స్ కట్టే ముందు ఏమేం అడగాలి? ఎక్కడికి వెళ్తే మేలు?

బద్వేలు_రోడ్డు
అక్కా, మేము పెళ్లికి ముందు మైపాడులో చేయించుకున్నాం. కడప నుంచి బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు వెళ్లి రాత్రి అక్కడే లాడ్జిలో పడుకుని, తెల్లవారకముందే బీచ్‌కి చేరాం. ఒక్క విషయం ముందే తెలుసుకోండి. మన ఆంధ్రా తీరం అంతా తూర్పు వైపు, సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు, సాయంత్రం మన వీపు వెనక ఊళ్ల వైపు దిగిపోతాడు. మీరు చూసిన ఫొటోల్లో సముద్రంలో మునుగుతున్న సూర్యుడు ఉంటే అది గోవా లాంటి పడమటి తీరం. మన దగ్గర అదే వెలుతురు కావాలంటే పొద్దున్నే లేవాల్సిందే. జనవరిలో అయితే ఆరున్నర దాటాక సూర్యోదయం, మే నెలలో ఆరు కాకముందే. మేకప్‌కి ఎంత లేదన్నా గంటన్నర పడుతుంది, అంటే ఏ టైముకి నిద్ర లేవాలో లెక్క వేసుకోండి. రాత్రి బస్సు దిగి నేరుగా షూట్‌కి పోదాం అనుకోవద్దు, కళ్ల కింద అలసట కనిపిస్తుంది, మేకప్‌తో పూర్తిగా పోదు.

లెన్సు_వెనక
నేను అనంతపురంలో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను, ఈ గౌను షూట్లు కూడా చేశాను కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తున్నా. మేడమ్, అందరూ కెమెరా ఏది, లెన్సు ఏది అని అడుగుతారు, కానీ ఈ పనిలో సగం బట్ట విసిరే మనిషిది. తెల్లవారుజామున ఒడ్డున గాలి పెద్దగా ఉండదు. ఎండెక్కి నేల వేడెక్కాక గానీ సముద్రం మీది నుంచి గాలి జోరందుకోదు, అప్పటికి ఎండ నడినెత్తికి వస్తూ కళ్ల కింద, ముక్కు కింద నీడలు పడుతుంటాయి. వెలుతురు బాగున్నప్పుడు గాలి చాలదు, గాలి వచ్చేసరికి వెలుతురు చెడుతుంది. ఆ లోటు తీర్చేది అసిస్టెంటే. ట్రెయిల్ అంటే గౌను వెనక వేలాడే ఆ పొడుగు బట్ట, దాని చివర రెండు మూలలు పట్టుకుని, మిద్దె మీద దుప్పటి దులిపినట్టు కింది నుంచి గాలి నింపి పైకి ఎత్తి వదిలేసి, వెంటనే ఫ్రేములోంచి పక్కకు పరుగెత్తాలి. బట్ట పూర్తిగా విచ్చుకుని నిలిచేది క్షణం పాటు. ఆ క్షణంలోనే మీ మొహం, చేతులు, మెడ కుదరాలి. మేము షట్టర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతుకో ఇంకా తక్కువకో పెట్టి వరసగా కొడతాం. ఎన్నో విసుర్లకు గానీ ఒక్క మంచి ఫ్రేము రాదు. అందుకే మొదటి ప్రశ్న ఇదే అడగండి: "బట్ట విసరడానికి ఎవరు వస్తారు, ఇంతకుముందు చేశారా?" మీ తమ్ముడినో కార్ డ్రైవర్‌నో పట్టుకోమంటాం అని జవాబు వస్తే ఆలోచించుకోండి, ఆ పని నేర్చుకోవడానికే వెలుతురంతా అయిపోతుంది.

రెండోది, ఇన్‌స్టాలో పెట్టిన ఏరిన ఫొటోలు కాకుండా ఒకే షూట్‌లో కస్టమర్‌కి ఇచ్చిన మొత్తం ఆల్బమ్ చూపించమనండి. ఒక అమ్మాయివి నలభై ఫొటోలు చూస్తే మనిషి పనితనం తెలిసిపోతుంది. చూపించడానికి వెనకాడే వాళ్లకు అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇంకో మాట. బట్ట పైకి లేవగానే చాలామంది అప్రయత్నంగా దాని వైపు తిరుగుతారు, లేకపోతే కళ్లు మూస్తారు. మొహం ఎటు పెట్టాలో ముందే అనుకుని, బట్ట సంగతి మాకు వదిలేయండి. జుట్టు విరబోసుకుంటే గాలికి ఎదురుగా కొంచెం ఏటవాలుగా నిలబడాలి, లేదంటే జుట్టంతా మొహం మీదికే.

పీకో_మిషన్
గౌను గురించి నేను చెప్తాను, ప్రొద్దుటూరులో మాకు టైలరింగ్ షాపు ఉంది. అద్దె గౌన్లు ఎక్కువగా ఫ్రీ సైజు, వీపు మీద డోరీలతో బిగించే రకం. అందుకని ఎవరికైనా పడతాయి, కానీ ఛాతీ దగ్గర, చంకల దగ్గర వదులుగా ఉంటుంది, పిన్నీసులు పెట్టి సరిచేస్తారు. ఒకసారి వేసుకుని చేతులు పైకెత్తి చూసుకోండి, షూట్‌లో చేతులు ఎత్తే పోజులే ఎక్కువ. లోపల ఒంటి రంగు షార్ట్ తప్పనిసరి, బట్ట ఎగిరితే ఎంతవరకు ఎగురుతుందో మన చేతిలో ఉండదు.

బట్ట విషయానికొస్తే, శాటిన్ ఫొటోలో మెరుస్తుంది, ఒంపులు బాగా పడతాయి, కానీ బరువు, మడతలు పడితే గీతలు గీతలుగా కనబడతాయి, స్టీమర్ వెంట ఉండాలి. జార్జెట్, షిఫాన్ తేలిక, తక్కువ గాలికే లేస్తాయి. పొద్దుటి ఎండ వెనక నుంచి పడితే షిఫాన్‌లోంచి వెలుతురు దిగి రంగు మొత్తం వెలుగుతుంది, మందమైన శాటిన్‌కి ఆ అందం రాదు. పట్టు మాత్రం వద్దు, మన ధర్మవరం పట్టు ఎంత గొప్పదైనా జరీ బరువుకి లేవదు.

కొంటారా, అద్దెకా, కుట్టిస్తారా అంటే నేను కుట్టించుకోమనే చెప్తాను, ఎందుకంటే ట్రెయిల్‌కి కొత్త బట్ట కొనక్కర్లేదు. ఇంట్లో కట్టకుండా పెట్టెలో ఉన్న ప్లెయిన్ షిఫాన్ చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది, అదే ట్రెయిల్. అంచు మడిచి కుట్టనివ్వకండి, పీకో చాలు, మడిస్తే అంచు బరువెక్కి బట్ట సరిగ్గా విచ్చుకోదు. ట్రెయిల్‌ని గౌను బట్టకే కుట్టేస్తే విసిరిన ఊపుకి నడుము దగ్గర చిరుగుతుంది, లోపల గట్టి బెల్టు వేసి దానికి కుట్టాలి. మీ టైలర్‌కి ఈ రెండు ముక్కలు చెప్పండి, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

రంగు ఎర్రదో, పసుపుదో, ముదురు ఆకుపచ్చో తీసుకోండి. నెల్లూరు, బాపట్ల వైపు ఒడ్డు దగ్గర నీళ్లు నీలంగా ఉండవు, మట్టి రంగు కలిసి ఉంటాయి, లేత రంగులు అందులో కలిసిపోతాయి. తెల్లది తడిస్తే లోపల అంతా కనబడుతుంది.

తుంగభద్ర_గట్టు
చాలా థాంక్స్ అండీ, చీరతో ట్రెయిల్ అన్నది నాకు తట్టనే లేదు. మా అమ్మది ఒక కుంకుమ రంగు షిఫాన్ ఉంది, అడుగుతాను. లెన్సు_వెనక అన్నా, ఆ ఇద్దరినీ విసిరేది ఎవరని అడిగాను. పద్దెనిమిది వేలు అన్నతను "చూద్దాం మేడమ్" అన్నాడు, రెండో ఆవిడ తనతో వచ్చే అమ్మాయి చేస్తుందని చెప్పి వీడియో కూడా పంపింది. ఆమెకే ఇవ్వాలని ఉంది. ఇక చోటు తేల్చుకోవాలి.

డోన్_జంక్షన్
డబ్బు, సెలవు రెండూ ఉంటే గోవా. అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల, డోన్, గుంతకల్లు మీదుగా వాస్కో వరకు పోతుంది, రోజూ ఉండదు, రోజులు చూసి బుక్ చేయండి. అక్కడ సాయంత్రం షూట్ పెట్టుకోవచ్చు కాబట్టి చీకట్లో లేచే పని లేదు, సముద్రం గాలి కూడా ఆ వేళకు ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, అప్పుడు వద్దు. అనంతపురం వాళ్లకు వైజాగ్ కావాలంటే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నేరుగా ఉంది.

నెలలు_నిండగా
నేను కడుపుతో ఉన్నప్పుడు చేయించుకున్నాను, సూర్యలంకలో. ఇక్కడ చదివే వాళ్లలో అట్లా అనుకునే చెల్లెళ్లు ఉంటారని రాస్తున్నా. ఏడో నెల, ఎనిమిదో నెల మొదట్లో చేయించుకుంటే పొట్ట గుండ్రంగా కనిపిస్తుంది, ఇంకా నడవగలం కూడా. డాక్టర్‌ని అడగకుండా అంత దూరం ప్రయాణం పెట్టుకోవద్దు. మా జేజి అయితే సముద్రం దగ్గరికి పోవద్దనే చెప్పింది, మా అమ్మ వెంట వస్తానంటేనే ఒప్పుకుంది.

గట్టిగా చెప్పాల్సింది ఒకటి ఉంది. ట్రెయిల్ నీళ్లలో పడిందంటే ఊహించలేనంత బరువెక్కుతుంది. అల వెనక్కి వెళ్లేటప్పుడు బట్టను లాగుతుంది, అది కాళ్లకు చుట్టుకుంటుంది, అదే సమయంలో పాదాల కింద ఇసుక జారిపోతుంది. మామూలు మనిషే తూలి పడతారు. చీలమండ తడిసే లోతు దాటి లోపలికి రమ్మంటే, ఎంత మంచి ఫొటో వస్తుందన్నా సరే, రానని చెప్పండి. తడి ఇసుక మీద నిలబడినా నీడ అద్దంలో లాగా పడి చాలా బాగా వస్తాయి, నా వాటిలో ఇంట్లో ఫ్రేము కట్టించినది అదే. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువ ఉంటుంది, ఆ రోజులు తప్పించండి. కార్తీక మాసంలో సూర్యలంక అసలు వద్దు, సముద్ర స్నానాలకు వచ్చిన జనంతో ఒడ్డంతా నిండిపోతుంది.

చామన_ఛాయ
నా అనుభవం చేదుది, ఊరు పేరు, స్టూడియో పేరు రాయను. మాట్లాడింది ఒకరు, బీచ్‌కి వచ్చింది వేరొకరు. అడిగితే "మా టీమే కదా" అన్నారు. ఫొటోలు వచ్చాక చూస్తే నా రంగు మొత్తం మార్చేశారు. నేను నల్లగా ఉంటాను, మా నాన్న రంగు నాది, ఆ ఫొటోల్లో ఎవరో తెల్ల మొహం మనిషి నా గౌను వేసుకుని నిలబడినట్టు ఉంది. చేతులు ఒక రంగు, మెడ ఒక రంగు. సరిచేయమంటే ఎక్స్‌ట్రా అన్నారు. అంతకుముందే నన్ను అడగకుండా వాళ్ల పేజీలో పెట్టేశారు, మా బంధువులు ఫోన్ చేస్తే నాకు తెలిసింది, ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను.

అక్కా, ఈ మూడూ వాట్సాప్‌లో రాయించుకోండి, నోటి మాట చాలదు. తీసేది ఎవరు. చర్మం రంగు మార్చకూడదు. నా అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు. ఎడిట్ చేసినవి ఎన్ని ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎడిట్ చేయనివి కూడా ఇస్తారా అన్నది కూడా రాయించండి. మన రంగులో మనం బాగుంటాం, దాన్ని దిద్దే హక్కు ఎవరికీ లేదు.

లెన్సు_వెనక
చామన_ఛాయ గారూ, చదివి బాధ కలిగింది. మా పనిలో ఈ అలవాటు ఉంది, కస్టమర్ అడగకపోయినా తెల్లగా చేసి ఇస్తారు, అది తప్పు. నల్లటి చర్మానికి పొద్దుటి పక్క ఎండ పడితే వచ్చే మెరుపు ఏ ఎడిటింగ్‌లోనూ రాదు, ఎక్స్‌పోజర్ మొహానికి సరిగ్గా పెడితే చాలు.

వాన సంగతి కూడా రాయించుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు మన తీరానికి తుపాన్ల కాలం, నెల్లూరు వైపు వానలు అప్పుడే ఎక్కువ. వాయిదా పడితే అడ్వాన్స్ అలాగే ఉంటుందా, పోతుందా? జనవరి, ఫిబ్రవరి అన్నిటికంటే మేలు. డ్రోన్ షాట్ ఇస్తామని డబ్బు తీసుకునేవాళ్లు ఉంటారు. సూర్యలంకలో ఎయిర్ ఫోర్స్ స్టేషన్ ఉంది, వైజాగ్‌లో నేవీ ఉంది, అక్కడ డ్రోన్ ఎగరేస్తే ఇబ్బంది పడేది మీరు కూడా. అనుమతి కాగితం చూపిస్తేనే ఆ డబ్బు ఇవ్వండి.

గండికోట_గాలి
ఇంత దూరం ఎందుకండీ, గండికోట అంచున నిలబడితే గాలికి గౌను దానంతట అదే ఎగురుతుంది. ఓర్వకల్లు రాక్ గార్డెన్ మీకు ఇంకా దగ్గర, రాళ్లు, నీళ్లు రెండూ ఉన్నాయి.

తుంగభద్ర_గట్టు
ఓర్వకల్లు చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నానండీ, నాకు సముద్రమే కావాలి.

బద్వేలు_రోడ్డు
పైగా గండికోట లోయ అంచు చాలా లోతు, పొడుగు ట్రెయిల్ గాలికి లాగితే ప్రమాదం. కోట పురావస్తు శాఖ కింద ఉంది, స్టాండ్లు, లైట్లు పెట్టి తీయాలంటే అనుమతి అడుగుతారు. అక్కా, బట్టలు మార్చుకునే చోటు గురించి ఎవరూ చెప్పలేదు. సూర్యలంకలో, మైపాడులో టూరిజం వాళ్ల హరిత రిసార్టులు ఉన్నాయి, గది తీసుకుంటే మేకప్, మార్చుకోవడం అన్నీ అక్కడే అయిపోతాయి. ఎర్ర గౌను చూడగానే జనం చుట్టూ చేరి ఫోన్లు ఎత్తుతారు, మా వాళ్లు ఇద్దరు అటూ ఇటూ నిలబడి తీయొద్దని మర్యాదగా చెప్తూనే ఉన్నారు. మీ ఆయన్ని ఆ పనికి పెట్టండి. శని, ఆదివారాలు వద్దు, మంగళవారమో బుధవారమో వెళ్లండి.

తుంగభద్ర_గట్టు
అయితే జనవరిలో మైపాడు, వారం మధ్యలో, రెండో ఆవిడతో. చామన_ఛాయ చెప్పిన మూడు మాటలూ వాట్సాప్‌లో పంపించాను, ఆమె అన్నిటికీ సరే అని రాసింది, ఫొటోలు ఎన్ని, ఎప్పటిలోగా అన్నది కూడా. పీకో_మిషన్ గారూ, అమ్మ చీర ఇస్తానంది. ఉప్పు నీళ్లకు షిఫాన్ పాడవుతుందా?

పీకో_మిషన్
పాడవదు, కానీ ఉప్పుతో ఆరనివ్వకూడదు. షూట్ అవ్వగానే గదిలో బకెట్ మంచినీళ్లలో రెండు మూడుసార్లు జాడించండి, పిండొద్దు, టవల్‌లో చుట్టి అదిమి నీడన ఆరేయండి. ముందు ఇసుక దులపాలి, అది పీకో దారాల్లో ఇరుక్కుంటుంది, తడి మీద రుద్దితే పోగులు లేస్తాయి. బెల్టుకి ట్రెయిల్ కుట్టేటప్పుడు పెద్ద పెద్ద కుట్లతో వేయమనండి, తర్వాత విప్పేస్తే అమ్మ చీర అమ్మకి చీరలాగే తిరిగి ఇవ్వచ్చు.